డ్రాయింగ్ పునాదులు: వెబ్‌సైటా, పుస్తకమా, క్లాసా? హైదరాబాద్‌లో ఏ దారి ఎవరికి?

హైదరాబాద్‌లో బొమ్మలు నేర్చుకోవాలనుకునేవారికి దారులకు కొరత లేదు. ఫ్రీ వెబ్‌సైట్లున్నాయి, యూట్యూబ్ ఉంది, ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత డ్రాయింగ్ పుస్తకాలు దొరుకుతాయి, దాదాపు ప్రతి కాలనీలోనూ ఏదో ఒక ఆర్ట్ క్లాసు బోర్డు కనిపిస్తుంది. చాలామంది అన్నిట్లోనూ వేలు పెట్టి, దేన్నీ సగం కూడా దాటరు. ఆర్నెల్ల తర్వాత చేతిలో పది స్కెచ్‌బుక్కులుంటాయి, గీత మాత్రం మొదటి రోజు ఎలా ఉందో అలాగే ఉంటుంది. ఏది మంచి కోర్సు అని అడిగే ముందు మీ బొమ్మలో ఏది తప్పుతోందో తేల్చుకోండి. ఎంపిక చాలావరకు అక్కడే అయిపోతుంది.

అందుకు ఒక సాయంత్రం చాలు. మూడు ఏ4 కాగితాలు, ఒక 2బీ పెన్సిల్ తీసుకోండి. కొరియర్‌లో వచ్చిన అట్టపెట్టె, ఇంట్లో ఉన్న స్టీలు చెంబు, రాయని చేయి. ఒక్కోటి ఒక్కో కాగితం మీద, ఇరవై నిమిషాల చొప్పున గీయండి. రబ్బరు వాడొద్దు, ఫొటో చూడొద్దు, వస్తువునే చూడండి. అయ్యాక మూడింటినీ గోడకు ఆనించి ఆరడుగుల దూరం నుంచి చూడండి.

ఒక్కో గీతను పదిసార్లు గీకి కలిపినట్టు కనిపిస్తే తప్పు చేతిలో ఉంది. పెట్టె వెనక్కి పోయేకొద్దీ సన్నబడాల్సింది పోయి వెడల్పయినా, చెంబు మూతి రెండు కొసలూ బాదంకాయలా మొనదేలినా, ఆకారం ఎలా నిలబడుతుందో మీకింకా పట్టుబడలేదన్నమాట. పెట్టె, చెంబు బాగానే వచ్చి చేయి మాత్రం ఇంకెవరిదోలా ఉంటే కొలతల్లో లోపం. అన్నీ సరిగ్గానే ఉండి కాగితానికి అతుక్కుపోయినట్టు చదునుగా ఉంటే వెలుగునీడలు రాలేదు. నాలుగూ ఒకేసారి కనిపిస్తే కంగారు పడకండి, దాదాపు అందరిదీ అదే పరిస్థితి. చెప్పిన వరసలోనే ఒక్కోటీ పట్టుకోండి: చేయి, ఆకారం, కొలత, ఆ తర్వాతే నీడ.

కట్టి గీయడమా, చూసి గీయడమా

నేర్పే పద్ధతులన్నీ ఈ రెండింటిలో ఏదో ఒక వైపుకే మొగ్గుతాయి. మొదటి పద్ధతిలో వస్తువును డబ్బాలు, స్తంభాలు, గోళాలుగా విడగొట్టి లోపలి నుంచి కడతారు. రెండో దాంట్లో ఎదురుగా ఉన్నదాన్ని అంచులు, కోణాలు, ఖాళీలుగా కొలుచుకుంటూ ఉన్నదున్నట్టు దించుతారు. మనసులోంచి బొమ్మలు పుట్టించాలి, కామిక్స్, యానిమేషన్, గేమ్స్ వైపు వెళ్లాలి అనుకునేవారికి మొదటిది తప్పదు. పోర్ట్రెయిట్, స్టిల్ లైఫ్ (ఎదురుగా పేర్చిన వస్తువుల బొమ్మ), పెయింటింగ్ వైపు మనసున్నవారికి రెండోది ముందు కావాలి. రెండూ ఎప్పటికైనా అవసరమే. కానీ ఒకేసారి మొదలుపెడితే ఒకదాని అలవాటు ఇంకోదానికి అడ్డొస్తుంది.

కట్టి గీయడానికి ఇవాళ ఉచితంగా దొరికేవాటిలో మా మొదటి సలహా డ్రాబాక్స్ వెబ్‌సైట్. పాఠాలన్నీ ఫ్రీ. మొదటి పాఠంలో గీతలు, ఎలిప్సులు (పక్క నుంచి చూసిన గుండ్రంలా కోలగా ఉండే ఆకారాలు), పెట్టెలు ఉంటాయి. ఆ తర్వాత 250 పెట్టెల సాధన. రోజుకు ఐదు చొప్పున గీస్తే యాభై రోజుల పని. పెన్నుతో గీయమంటుంది, చెరపనివ్వదు, గీత పెట్టే ముందు కాగితానికి తాకకుండా గాల్లో రెండు మూడుసార్లు చేయి ఆడించమంటుంది. ఇక్కడ చేసే పెద్ద తప్పు మణికట్టు మాత్రమే తిప్పడం. మణికట్టు నుంచి వచ్చే గీత రెండు మూడు అంగుళాలకే వంపు తిరుగుతుంది. పొడవు గీతకు భుజం కదలాలి. దానికి కాగితం ఒళ్లో ఉంటే కుదరదు. అట్టకు క్లిప్పు పెట్టి, టేబుల్ మీద కాస్త ఏటవాలుగా ఆనించుకోవాలి.

పెట్టెలు గీసేటప్పుడు సగం లాభం దిద్దుకోవడంలోనే ఉంది. ఐదు పెట్టెలు అయ్యాక ఎర్ర పెన్ను తీసుకుని, ప్రతి పెట్టెలోనూ ఒకే దిక్కుకు పోయే నాలుగేసి అంచులను వెనక్కి పొడిగించండి. నాలుగూ ఒక చోటికి దగ్గరవుతూ పోవాలి. ఎక్కువగా జరిగేదేమిటంటే, ముందుగా గీసిన మూడూ సరిగ్గానే పోతాయి, అన్నిటికంటే వెనక మూల నుంచి వచ్చే నాలుగోది మాత్రం విడిపోతుంది. కారణం, ఆ మూల దగ్గరికొచ్చేసరికి దిక్కు చూడటం మానేసి, మిగిలిన రెండు చుక్కలను కలిపేస్తారు. ఎర్ర గీతలు పెట్టకుండా 250 పూర్తిచేసినవారికి 250 పెట్టెలే మిగులుతాయి, పర్‌స్పెక్టివ్, అంటే దూరం పోయేకొద్దీ వస్తువు చిన్నదయ్యే తీరును కాగితం మీద చూపడం, రాదు.

ఈ సైటు అందరికీ సరిపడదు. పాఠాలు ఇంగ్లిష్‌లో, చాలా పొడుగ్గా ఉంటాయి. తొమ్మిది, పదో తరగతి పిల్లలు ఒంటరిగా కూర్చుంటే రెండో వారానికి విసుగొచ్చి వదిలేస్తారు. ఆ సైటే ఒక మంచి నియమం పెట్టింది: గీసే సమయంలో సగం సాధనకు, సగం మీకిష్టమైన బొమ్మలకు. బొమ్మ చెత్తగా వచ్చినా సరే గీయాల్సిందే. ఈ రెండో సగాన్ని ఎగ్గొట్టినవారే మధ్యలో మానేస్తారు.

చూసి గీసే పద్ధతికి పాతకాలపు దారి ఒకటి ఇప్పటికీ గట్టిగా నిలిచి ఉంది. ఫ్రెంచి చిత్రకారుడు చార్ల్స్ బార్గ్ 1860లలో విద్యార్థుల కోసం తయారుచేసిన ప్లేట్లు అవి. ప్లాస్టర్ కన్ను, ముక్కు, పాదం దగ్గర మొదలై నిండు తలల దాకా వెళ్తాయి. వాన్ గో కూడా వాటిని చూసే సాధన చేశాడు. కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది కాబట్టి స్కాన్లు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఏదైనా జిరాక్స్ షాపులో ఏ3 సైజులో ప్రింటు తీయించుకుని, పక్కనే అదే సైజు కాగితం పెట్టుకుని దించాలి. ఒక ప్లేటుకు పది, పదిహేను గంటలు పడుతుంది. ఓపిక లేనివారు దీన్ని ఎంచుకోవద్దు. ఓపిక ఉన్నవారికి మాత్రం ఒక్క నెలలో కన్ను మారిపోతుంది.

ఈ రెండు పద్ధతులూ కలిసే చోటు మన ఇంట్లోనే ఉంది. అది చెంబు. మూతి, మెడ, పొట్ట, అడుగు అన్నీ గుండ్రాలే, కానీ మన కంటికి ఎలిప్సులుగా కనిపిస్తాయి. కంటి ఎత్తుకు సరిగ్గా ఎదురుగా ఉన్న గుండ్రం ఒక తిన్నని గీతలా కనిపిస్తుంది. కిందికి దిగేకొద్దీ తెరుచుకుంటుంది. కాబట్టి టేబుల్ మీద ఉన్న చెంబు మూతి ఎలిప్సు సన్నగా, అడుగు ఎలిప్సు దానికంటే నిండుగా ఉండాలి. నేర్చుకునేవారు మూతిని చక్కగా గీసి అడుగును మాత్రం స్కేలు పెట్టినట్టు తిన్నగా లాగేస్తారు. టేబుల్ చదునుగా ఉందని మనసుకు తెలుసు. చేయి కంటి మాట వదిలేసి మనసు మాట వింటుంది. సరిచేసే దారి ఇది: ముందు నిలువుగా ఒక నడిమి గీత, దాని మీద నాలుగు చోట్ల అడ్డగీతలు, ఒక్కో అడ్డగీత చుట్టూ ఎలిప్సు, వెనక కనబడని సగంతో సహా. తర్వాతే పక్క అంచులు. అయ్యాక కాగితాన్ని నడిమి గీత దగ్గర మడిచి ట్యూబ్‌లైటుకు ఎదురుగా పట్టుకోండి. ఎడమ సగం, కుడి సగం ఒకదాని మీద ఒకటి కూర్చోకపోతే ఎక్కడ తేడా వచ్చిందో వెంటనే కనిపిస్తుంది.

అదే చెంబును షేడింగ్‌కు మాత్రం వాడొద్దు. స్టీలులో గదంతా ప్రతిబింబిస్తుంది, వెలుగెక్కడో నీడెక్కడో తెలియదు. తెల్ల కాగితం మీద కోడిగుడ్డో, రంగు వేయని మట్టి ప్రమిదో పెట్టి, గదిలో లైట్లన్నీ ఆర్పి, ఒక్క టేబుల్ ల్యాంపు పక్క నుంచి కాస్త పైకి ఉంచండి. రెండు ట్యూబ్‌లైట్ల గదిలో నీడలు రెండై ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. నీడలు రావడం లేదని బాధపడేవారిలో చాలామంది ఇబ్బంది గదిలోనే ఉంది. ఇంకో సంగతి: నీడ భాగంలో కిందినుంచి ఎగసే వెలుగు కనిపిస్తుంది కదా, అది ఎంత ఉన్నా వెలుగు వైపున్న భాగాలకంటే ముదురుగానే ఉండాలి. దాన్ని తెల్లగా వదిలేస్తే గుడ్డు కాస్తా రేకు డబ్బా అవుతుంది.

మనుషుల బొమ్మలకైతే ప్రోకో యూట్యూబ్ చానల్లో గెశ్చర్ (ఒంటి కదలికను కొద్ది గీతల్లో పట్టుకోవడం) నుంచి అనాటమీ (ఒంటి నిర్మాణం) దాకా వరుసగా వీడియోలున్నాయి. చూస్తూ కూర్చుంటే ఏమీ రాదు. పది నిమిషాల వీడియోకు కనీసం ముప్పై, నలభై నిమిషాలు గీయాలి. గెశ్చర్‌కు లైన్ ఆఫ్ యాక్షన్ సైటులో టైమరు పెట్టుకుని ఫొటోలు చూసి గీయవచ్చు. మొదట్లో ముప్పై సెకన్ల పోజులు వద్దు, కంగారులో అంచులు గీకడమే అలవాటవుతుంది. రెండు నిమిషాలతో మొదలుపెట్టి, కదలిక ఒక్క గీతలో పట్టుబడ్డాక తగ్గించుకోండి.

క్లాసుకు వెళ్లాలా

క్లాసులో మీరు డబ్బు కట్టేది పాఠానికి కాదు, పాఠం నెట్‌లో ఉచితంగానే ఉంది. మీ బొమ్మ చూసి తప్పు పట్టే కంటికి కడుతున్నారు. ఈ లెక్కతో చూస్తే ఏ క్లాసు తగినదో తేల్చడం తేలిక. ఫీజు అడిగే ముందు ఒక గంట కూర్చుని చూస్తామని అడగండి. ఒప్పుకోని చోట చేరవద్దు.

కూర్చున్నప్పుడు గోడల మీది పెయింటింగులు చూడొద్దు, పిల్లల ముందు ఏముందో చూడండి. ఎదురుగా కూజా, గుడ్డ, ఉల్లిపాయలు ఉంటే మంచి చోటు. అందరూ ఫోన్లో ఫొటో పెట్టుకుని గళ్లు గీసి దించుతుంటే అక్కడ కాపీ నేర్పుతున్నారు. గళ్ల పద్ధతిలో నెల తిరక్కుండానే సినిమా హీరో బొమ్మ అచ్చంగా వస్తుంది, ఇంట్లోవాళ్లు మెచ్చుకుంటారు. గళ్లు తీసేస్తే చెంబు కూడా రాదు. రెండో సంగతి, మాస్టారు దిద్దే తీరు. పిల్లవాడి కాగితం మీదే తాను మొత్తం గీసేస్తే ఇంటికి వెళ్లేది మాస్టారి బొమ్మ. పక్కన చిన్నగా గీసి చూపించి, "ఈ కోణం మళ్లీ చూడు" అని వదిలేస్తే అక్కడ నేర్చుకుంటారు. మూడోది, ఒక్కొక్కరి దగ్గర ఆయన ఎంతసేపు నిలబడుతున్నారు? గంటన్నర క్లాసులో పాతికమంది ఉంటే మనిషికి మూడు, నాలుగు నిమిషాలే దక్కుతాయి. పది, పన్నెండు మంది దాటని బ్యాచ్ వెతకండి.

దూరం కూడా లెక్కలోకి రావాలి. కూకట్‌పల్లి నుంచి హిమాయత్‌నగర్ దాకా వారానికి మూడు సాయంత్రాలు వెళ్లొచ్చేవారికి గీసే సమయం కంటే ట్రాఫిక్‌లో గడిచేదే ఎక్కువ. అలాంటివారికి వారమంతా ఇంట్లో సాధన, ఆదివారం ఒక్క క్లాసు మేలు. అదీ కుదరకపోతే ఇద్దరు ముగ్గురు స్నేహితులు కలిసి వారానికోసారి ఒకరి బొమ్మలొకరు ఎర్ర పెన్నుతో దిద్దుకోవడం కూడా పనికొస్తుంది, మొహమాటం లేకుండా చెప్పుకోగలిగితే. ఆన్‌లైన్‌లో చూపించాలంటే బొమ్మను పగటి వెలుగులో, కెమెరా కాగితానికి సరిగ్గా ఎదురుగా పట్టుకుని తీయండి. పక్క నుంచి తీస్తే ఎలిప్సులు వాటంతటవే మారిపోతాయి, వచ్చే సలహా ఫొటోకే తప్ప బొమ్మకు కాదు.

కాగితం, పెన్ను, ట్యాబ్లెట్

దీని మీద ఎక్కువ ఆలోచించకండి. సాధనకు మామూలు జిరాక్స్ కాగితం ఒక రీము, అంటే 500 షీట్లు. ఖరీదైన స్కెచ్‌బుక్ ముందుంటే పాడవుతుందేమోనని చేయి బిగుసుకుంటుంది. పెన్సిళ్లు హెచ్‌బీ, 2బీ, 4బీ, 6బీ చాలు. అప్సర, కామ్లిన్, డామ్స్ ఏదైనా సరే. పన్నెండు గ్రేడుల డబ్బా కొన్నా చివరికి అరిగేవి ఆ నాలుగే. గీతల సాధనకు 0.5 ఫైన్‌లైనర్ (సన్న మొన ఇంకు పెన్ను), అది భారమనుకుంటే బాల్‌పెన్. ఫైన్‌లైనర్‌ను గరుకు హ్యాండ్‌మేడ్ కాగితం మీద వాడితే మొన నాలుగు రోజుల్లో అరిగిపోతుంది. నీడలకు వేలితో రుద్దొద్దు, చర్మంలోని జిడ్డు అంటుకుని మరకలు తేలుతాయి, ఆ తర్వాత రబ్బరుకు కూడా పోవు. ఇవన్నీ కోఠి, అబిడ్స్ వైపు స్టేషనరీ షాపుల్లో దొరుకుతాయి.

ట్యాబ్లెట్ ఉన్నవారు దాన్ని మూడు నెలలు పక్కన పెట్టడమే మంచిదని మా అభిప్రాయం. గీత వంకరపోతే సరిచేసే స్టెబిలైజర్ మీ తప్పును మీకే కనబడకుండా చేస్తుంది. జూమ్ చేసి గీస్తే చేయి మళ్లీ మణికట్టుకే పరిమితమవుతుంది. డిజిటల్ పనే జీవనోపాధి అనుకున్నవారు క్రితా లాంటి ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో స్టెబిలైజర్ ఆపేసి, ఒకే బ్రష్, ఒకే లేయర్‌తో అవే పెట్టెలు గీయవచ్చు. అండూ నొక్కకుండా ఉండగలిగితే చాలు.

ఊళ్లో ఏది ఎందుకు పనికొస్తుంది

నాలుగ్గోడల మధ్య నేర్చుకున్నది బయట పరీక్షకు నిలవాలి. ఆ విషయంలో హైదరాబాద్ అదృష్టవంతమైన ఊరు, అయితే ఎక్కడ ఏం నేర్చుకోవచ్చో తెలిసి వెళ్లాలి.

పర్‌స్పెక్టివ్‌కు చార్మినార్ కంటే ముందు కుతుబ్‌షాహీ సమాధులకు వెళ్లండి. కింద చతురస్రపు కట్టడం, చుట్టూ ఆర్చీల వరస, పైన గుమ్మటం. పెట్టె మీద గోళం, అంతే. పెట్టెలు నేర్చుకున్నవారికి ఇంతకంటే మంచి మెట్టు లేదు. పైగా నీడలో కూర్చోవడానికి చోటు, చుట్టూ ఖాళీ. పక్కకు తిరిగిన ఆర్చి గీసేటప్పుడు దాని శిఖరాన్ని కంటి అంచనాతో నడిమధ్య పెట్టేస్తారు. ముందు ఆర్చి ఇమిడే దీర్ఘచతురస్రాన్ని పర్‌స్పెక్టివ్‌లో గీసి, మూలలు కలిపి రెండు కర్ణాలు వేయండి. అవి ఖండించుకున్న చోటు మీదుగా పోయే నిలువు గీత మీదే శిఖరం ఉండాలి. అది చూడటానికి మన వైపున్న సగం వెడల్పుగా, అవతలి సగం ఇరుకుగా ఉంటుంది. ఇది చేతికి వచ్చాకే 1591 నాటి చార్మినార్ దగ్గరికి వెళ్లండి. అక్కడ జనం, బండ్లు, ఎండ అన్నీ కలిసి అరగంట కూడా కుదురుగా కూర్చోనివ్వవు. తెల్లారగానే వెళ్తే మేలు.

సాలార్‌జంగ్ మ్యూజియంలో పాలరాతి శిల్పాలు వెలుగునీడలు, కొలతలకు బంగారం లాంటివి. అందరూ నేరుగా బెంజోనీ చెక్కిన ముసుగు రెబెక్కా ముందే నిలబడతారు. 1876 నాటి ఆ శిల్పంలో పలుచటి ముసుగు కింద ముఖం కనిపిస్తుంది, నీడలు అంత సున్నితం. మొదట్లో అది చేతికి చిక్కదు. ముసుగు లేని అర్ధవిగ్రహాన్ని ఎంచుకుని, తల ఎటు వంగింది, మెడ ఎటు తిరిగింది అన్నంతవరకే పది నిమిషాల్లో పట్టుకోండి. శుక్రవారం సెలవు. బొగ్గు, రంగులు కాకుండా పెన్సిల్, చిన్న పుస్తకం మాత్రమే తీసుకెళ్లి, గీసుకోవచ్చా అని గేటు దగ్గరే అడిగి లోపలికి వెళ్లండి.

రాతి గుట్టల సంగతి ఎవరూ చెప్పరు. కేబీఆర్ పార్కులోనో, ఖాజాగూడ గుట్టల మీదో ఉన్న గ్రానైట్ గుండ్లు వెలుగునీడలకు గొప్ప గురువులు. పొద్దున ఏడెనిమిది గంటల ఎండలో ఒక వైపు తెల్లగా, ఒక వైపు ముదురుగా, పగిలిన చోట పదునైన అంచుతో, ఏ తలం ఎటు తిరిగిందో చక్కగా విడమరిచినట్టు కనిపిస్తుంది. రెండే రంగుల్లో గీయండి, తెలుపు, ఒకే బూడిద. మధ్యాహ్నం వెళ్తే ఎండ నడినెత్తిన ఉంటుంది, పక్క తలాలన్నీ కలిసిపోతాయి.

గెశ్చర్‌కు మెట్రో ఉంది. మియాపూర్, ఎల్‌బీ నగర్ లైనులో కూర్చున్నవారు ఫోన్ చూస్తూ రెండు మూడు స్టేషన్ల దాకా కదలరు. ముఖాలు వద్దు, తల, భుజాలు, నడుము ఎటు వాలాయో చాలు. ఎవరైనా ఇబ్బందిగా చూస్తే పుస్తకం మూసేయండి.

గీతలో ప్రాణం ఏమిటో చూడాలంటే మాదాపూర్‌లోని స్టేట్ ఆర్ట్ గ్యాలరీకి వెళ్లి, అప్పుడు నడుస్తున్న ప్రదర్శన ఏదైనా తీరిగ్గా చూడండి. లక్ష్మాగౌడ్ ఎచింగులు (లోహపు రేకు మీద గీసి అచ్చు తీసిన బొమ్మలు), తోట వైకుంఠం స్త్రీమూర్తులు, బాపు బొమ్మల రేఖ దొరికిన చోటల్లా దగ్గరగా చూడండి. ముగ్గురూ గీతను మూడు రకాలుగా నడిపారు. కానీ వారి శైలిని మొదటి ఏడాదిలోనే కాపీ కొట్టొద్దు. బాపు ఒక్క గీతలో వదిలేసిన భుజం వెనక భుజం ఎలా ఉంటుందో పూర్తిగా తెలిసిన కన్ను ఉంది. అది లేకుండా గీతను మాత్రమే అరువు తెచ్చుకుంటే బొమ్మ నిలబడదు.

ఎవరికి ఏది

ఉద్యోగం చేస్తూ రోజుకు ముప్పై, నలభై నిమిషాలే దొరికేవారు డ్రాబాక్స్ ఒక్కటి పట్టుకుని, శనివారమో ఆదివారమో ఒక పూట బయట గీయండి. రెండో వెబ్‌సైట్ తెరవకండి. ఎనిమిది వారాలకోసారి అదే పెట్టె, చెంబు, చేయి మళ్లీ గీసి పాతవాటి పక్కన పెట్టండి. చేతి లోపం తగ్గి కొలతల లోపం మిగిలితే అప్పుడు బార్గ్ ప్లేట్లకు మారండి. తేడా ఏమీ లేదంటే కోర్సు మార్చొద్దు, ఎవరికైనా చూపించి దిద్దించుకోండి.

పదేళ్ల లోపు పిల్లలకు పై పద్ధతులేవీ వద్దు. కాగితాలు, క్రేయాన్లు, చూసి గీయడానికి ఇంట్లో వస్తువులు చాలు. పర్‌స్పెక్టివ్ పన్నెండు, పదమూడేళ్లకు మొదలుపెట్టినా ఆలస్యం కాదు.

ఎంట్రన్స్ రాసేవారి లెక్క వేరు. మాసాబ్‌ట్యాంక్‌లోని ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో నాలుగేళ్ల బీఎఫ్‌ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) కోసం రాసేవారికి, డిజైన్ వైపు యూసీడ్, నిఫ్ట్, ఎన్‌ఐడీ ప్రవేశ పరీక్షలు రాసేవారికి, గడువులోగా చేతితో వేగంగా, ఎదురుగా ఏమీ లేకుండా గీయడం రావాలి. వీరికి కోచింగ్ పనికొస్తుంది, టైము పెట్టి పాత ప్రశ్నలు రాయిస్తారు గనుక. కానీ చివరి నాలుగు నెలలకే. అంతకుముందు ఆరు నెలలైనా పెట్టెలు, ఎలిప్సులు, మనుషుల గెశ్చర్ ఇంట్లో పూర్తయి ఉండాలి. అవి లేకుండా కోచింగ్‌లో చేరినవారు బస్‌స్టాపు, సంత, పెళ్లి పందిరి అని రెడీమేడ్ దృశ్యాలు బట్టీ పడతారు. ప్రశ్నలో "మేడ మీద నుంచి చూసినట్టు" అని ఒక్క మాట చేరితే కంటి ఎత్తు మారుతుంది, బట్టీ పట్టినదంతా పనికిరాకుండా పోతుంది. ఏ ఏడాది పేపర్లు ఎలా ఉన్నాయో ఆ ఏటి నోటిఫికేషన్లోనే చూసుకోండి. టీసీసీ (టెక్నికల్ సర్టిఫికెట్ కోర్సు) డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు రాసేవారు ముందు ఆ సిలబస్ చేతిలో పెట్టుకుని, అందులో ఉన్న వస్తువులతోనే ఇంట్లో సాధన మొదలుపెట్టండి.